వన్ పీస్ బ్యాగా, టూ పీస్ బ్యాగా? నాన్నగారి ఇలియోస్టమీ లీకేజీ గురించి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. నాన్నగారికి 63 ఏళ్లు, వ్యవసాయం చేసుకునే మనిషి. రెక్టమ్ (పెద్దపేగు చివరి భాగం) క్యాన్సర్‌కి ఆపరేషన్ చేసి, లోపల కుట్లు మానేదాకా అని పొట్ట మీద కుడి వైపు ఇలియోస్టమీ పెట్టారు, అంటే చిన్నపేగుని పొట్ట మీదికి తెచ్చి మోషన్ అక్కడి నుంచి బ్యాగులోకి వచ్చేట్టు చేశారు. రెండున్నర నెలలైంది, కీమో నడుస్తోంది. ఆస్పత్రి నుంచి వన్ పీస్ బ్యాగుతో (చర్మానికి అంటుకునే ప్లేటు, సంచి కలిసి ఒకటే) పంపారు. మొదట్లో మూడు రోజులు ఆగిన బ్యాగు ఇప్పుడు ఒక్క రోజుకే పక్క నుంచి కారుతోంది. పేగు బయటికి వచ్చిన చోటు, అంటే స్టోమా, దాని చుట్టూ చర్మం ఎర్రగా, పచ్చిగా అయింది. బ్యాగు మార్చేది అమ్మగారు. మెడికల్ షాపతను టూ పీస్‌కి (ప్లేటు వేరు, సంచి వేరు) మారిపోండి, అదే మంచిది అన్నాడు. మారాలా వద్దా, ఖర్చు ఎంత తేడా వస్తుంది అని అడిగారు.

సూటిగా చెప్తాను: ఇప్పుడే మారొద్దు. వన్ పీస్‌లోనే ఉండి, ముందు ప్లేటుకి కోసే కన్నం సైజు మార్చండి. లీకు ఆగి చర్మం మానాక, అప్పటికీ టూ పీస్ కావాలనిపిస్తే శాంపిల్స్ తెచ్చి చూడొచ్చు. ఈ రెండింటిలో ఒకటి మేలురకం, ఇంకొకటి నాసిరకం అని లేదు. ఏది ఆ పొట్ట మీద కుదురుగా కూర్చుంటుంది, ఏది మార్చే మనిషి చేతికి లొంగుతుంది అన్నదే చూడాలి.

నేను సర్జికల్ వార్డులో నర్సుగా చేసి తర్వాత స్టోమా కేర్‌లోకి వచ్చాను. విశాఖ చుట్టుపక్కల ఇళ్లకి కూడా వెళ్లి చూస్తుంటాను. నాన్నగారి పొట్ట నేను చూడలేదు, కాబట్టి ఇదంతా మీరిచ్చిన వివరాల మీద చెప్తున్న మాట.

మీ పోస్టులో నన్ను ఆపేసిన వాక్యం చివర్లో ఉంది. "ఆస్పత్రిలో ఇచ్చిన అట్టముక్క పెట్టే ఇప్పటికీ కోస్తున్నాం" అన్నారు. అసలు గొడవ అక్కడే ఉందని నా అనుమానం. ఆపరేషన్ అయిన కొత్తలో స్టోమా వాచి ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఆ వాపు తగ్గి బాగా చిన్నదవుతుంది. మీరు వాపు మీద తీసిన కొలతతోనే కోస్తున్నారు. దాంతో స్టోమాకీ ప్లేటుకీ మధ్య చుట్టూ చర్మం బయటికి కనిపిస్తూ ఉంటుంది. ఇలియోస్టమీలో వచ్చేది చిన్నపేగు నుంచి నేరుగా దిగే పల్చటి మోషన్. తిన్నది అరిగించే ఎంజైములు అందులో ఇంకా పనిచేస్తూనే ఉంటాయి. చర్మం మీద పడితే దాన్నీ తినేస్తాయి. చర్మం పచ్చిదై చెమ్మ ఊరితే ప్లేటు అంటదు, అంటకపోతే మళ్లీ లీకు, లీకైతే చర్మం ఇంకా పచ్చి. ఈ చక్రంలో పడ్డాక టూ పీస్ పెట్టినా అదే కథ, ఖరీదు మాత్రం ఎక్కువ.

కొత్త బ్యాగుల పెట్టెలో గుండ్రటి కన్నాలున్న కొలత కాగితం ఒకటి ఉంటుంది. రేపు బ్యాగు మార్చేటప్పుడు దాన్ని స్టోమా మీద పెట్టి చూడండి. స్టోమా కంటే 2 నుంచి 3 మిల్లీమీటర్లు మాత్రమే పెద్దగా కొయ్యాలి. తాత్కాలిక ఇలియోస్టమీ చాలావరకు లూప్ రకం, అంటే పేగుని ముడిచి బయటికి లాగినది. అది గుండ్రంగా కాకుండా కోలగా ఉంటుంది. అలాగైతే నిలువు, అడ్డం రెండూ కొలిచి, కోలగానే కోయండి. ఆ పాత అట్టముక్క మాత్రం పారేయండి, ఇంట్లో ఉంటే చెయ్యి దాని మీదికే పోతుంది.

ఇంకో పని. తీసిన ప్లేటుని కవర్లో చుట్టే ముందు వెనక్కి తిప్పి వెలుతురులో పట్టుకుని చూడండి. మేం ఇంటికి వెళ్తే మొదట అడిగేది దాన్నే. గోధుమ రంగులో ఉండే ఆ జిగురు పొర తడి తగిలిన చోట తెల్లగా ఉబ్బి, కరిగి, వేలితో రుద్దితే మెత్తగా ఊడొస్తుంది. కన్నం చుట్టూ సమానంగా కరిగిందంటే కన్నం పెద్దదైంది, లేదా ప్లేటు ఉంచాల్సినదానికంటే ఎక్కువ రోజులు ఉంచారు. ఒకే వైపు, ఉదాహరణకి కింద ఆరు గంటల ముల్లు వైపు మాత్రమే అంచుదాకా కరిగిందంటే అక్కడ పొట్టలో మడతో గుంటో ఉంది. పడుకున్నప్పుడు ఆ మడత కనపడదు. నాన్నగారిని కుర్చీలో కూర్చోబెట్టి, తర్వాత ఆయన మామూలుగా కూర్చునేట్టు నేల మీదో మంచం మీదో కూర్చోబెట్టి, కొంచెం ముందుకి వంగమనండి. పడుకోబెట్టి చక్కగా అంటించిన ప్లేటు, ఆయన అన్నానికి కూర్చోగానే ఎక్కడ ముడుచుకుంటుందో అప్పుడు కళ్లారా చూస్తారు.

మడత ఉంటే ఆ చోట బ్యారియర్ రింగు (సందులు పూడ్చే మెత్తటి జిగురు చుట్ట) ముక్క గానీ స్టోమా పేస్ట్ గానీ పెట్టి చదును చేసి, దాని మీద ప్లేటు అంటించాలి. పేస్ట్ అంటే అతికించే గమ్ అనుకుని ప్లేటు నిండా పూస్తుంటారు. అది సందులు పూడ్చడానికే. చాలా పేస్టుల్లో ఆల్కహాల్ ఉంటుంది, పచ్చి చర్మం మీద పెడితే మనిషి ఎగిరిపడతాడు. కాబట్టి ప్రస్తుతానికి బ్యారియర్ రింగే మేలు. స్టోమా చర్మానికి సమంగానో, లోపలికి పోయినట్టో ఉంటే మామూలు ప్లేటు ఏదైనా ఆగదు, మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే కాన్వెక్స్ ప్లేటు కావాలి. మామూలుగా ఇలియోస్టమీ చర్మం మీదికి రెండు మూడు సెంటీమీటర్లు లేచి ఉండాలి, అప్పుడే మోషన్ నేరుగా బ్యాగులో పడుతుంది. కాన్వెక్స్ వన్ పీస్‌లోనూ దొరుకుతుంది, టూ పీస్‌లోనూ దొరుకుతుంది. అయితే అది చర్మాన్ని నొక్కుతుంది కాబట్టి స్టోమా నర్సో సర్జనో చూసి చెప్పాకే వాడండి, మీ అంతట మీరు కొనొద్దు.

పచ్చి చర్మానికి అమ్మగారు ఏం చేస్తున్నారో మీరు రాయలేదు. మా దగ్గర అయితే పది ఇళ్లలో సగం ఇళ్లలో కొబ్బరి నూనె రాస్తారు, ఇంకొందరు డెట్టాల్ నీళ్లతో తుడుస్తారు. ప్రేమతోనే చేస్తారు, కానీ నూనె తగిలిన చర్మానికి ప్లేటు అంటదు, డెట్టాల్ మండిస్తుంది. మామూలు నీళ్లు, మెత్తటి బట్ట చాలు. బాగా ఆరనిచ్చి, పచ్చిగా ఉన్నంత మేర స్టోమా పౌడర్ పల్చగా చల్లి, ఎక్కువైంది దులిపేసి, అప్పుడు ప్లేటు. ముఖానికి రాసుకునే పౌడర్ కాదు, స్టోమా పౌడర్ అనే అడగండి. ప్లేటుని ముందు రెండు అరచేతుల మధ్య కాసేపు వెచ్చబెట్టండి. అంటించాక కూడా అరచెయ్యి ఆనించి రెండు మూడు నిమిషాలు అలాగే ఉంచండి. ఈ పని పొద్దున్నే, ఏమీ తినక ముందు పెట్టుకుంటే నయం, అప్పుడు మోషన్ తక్కువ వస్తుంది.

ఇక మీరడిగిన అసలు తేడా. వన్ పీస్‌లో చర్మానికి అంటుకునే ప్లేటు, సంచి రెండూ కలిసి ఒకటే. తీస్తే మొత్తం తీయాలి. టూ పీస్‌లో ప్లేటు వేరు, సంచి వేరు. ప్లేటు మీదున్న ప్లాస్టిక్ రింగుకి సంచిని నొక్కి బిగిస్తారు, టక్‌మని శబ్దం వస్తుంది. కొన్నింట్లో రింగుకి బదులు అంటించే రకం ఉంటుంది. ప్లేటు పొట్ట మీదే ఉంచి సంచి ఒక్కటే మార్చుకోవచ్చు, అదే దాని గొప్ప. చర్మానికి అంటుకునే పొర మాత్రం రెండింట్లోనూ ఒకటే జాతి, పెక్టిన్, జెలటిన్, సెల్యులోజ్ లాంటివి కలిపిన హైడ్రోకొల్లాయిడ్ అనే జిగురు. 1950ల్లో ఈ పొర లేని రోజుల్లో అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్ సర్జన్ రూపర్ట్ టర్న్‌బుల్ స్టోమా చుట్టూ కరాయా గమ్ వాడి చర్మాన్ని కాపాడటం మొదలుపెట్టాడు. కరాయా అంటే మన తపసి చెట్టు బంక. మా విశాఖ ఏజెన్సీలో గిరిజనులు సేకరించి గిరిజన సహకార సంస్థకి అమ్మే బంక అదే. నాకు ఇది తెలిసిన దగ్గర్నుంచి పాడేరు వైపు నుంచి వచ్చే పేషెంట్లకి ప్లేటు చూపించేటప్పుడు ముందు ఈ సంగతే చెప్తాను, భయం కొంచెం తగ్గుతుంది.

మీ నాన్నగారికి వన్ పీస్ ఎందుకంటున్నానంటే, ఒకటి, కీమో. రెక్టమ్ క్యాన్సర్‌కి ఇచ్చే కీమోలో ఆక్సాలిప్లాటిన్ తరచుగా ఉంటుంది. దానితో వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతాయి, చల్లటివి ముట్టుకుంటే జివ్వుమంటాయి. మీరు "నాన్న చొక్కా గుండీలు పెట్టుకోవడానికి కూడా తంటాలు పడుతున్నారు" అని రాశారు. ఆ వేళ్లతో రింగు సరిగ్గా పడిందా లేదా అన్నది తెలియదు. సగం పడిన రింగు వెంటనే బయటపడదు, సంచి బరువెక్కాక ఊడుతుంది. అది ఏ పొలం గట్టు మీదో జరిగితే ఆ మనిషి మళ్లీ ఇల్లు కదలడు. రెండు, ఆయన వంగే మనిషి. టూ పీస్ రింగు కొంత గట్టిగా ఉంటుంది. వంగినప్పుడు, నేల మీద కూర్చున్నప్పుడు పొట్టతో పాటు మడవదు, అంచు దగ్గర లేస్తుంది. వన్ పీస్ పల్చగా ఒంటితో పాటు వంగుతుంది, పంచె కింద బయటికి కనపడదు కూడా. మూడు, ఇది తాత్కాలికం. ఉన్న అలవాటుని బాగుచేసుకోవడం తేలిక.

అలాగని టూ పీస్‌ని తీసిపారేయను. నేనే చాలామందికి అది పెట్టిస్తాను. షుగర్ వల్ల చూపు బాగా తగ్గిన ఒకావిడ ఉన్నారు, ఎడమ వైపు శాశ్వత కొలోస్టమీ, అంటే పెద్దపేగుకి పెట్టిన స్టోమా. కూతురు వారానికి రెండుసార్లు వచ్చి ప్లేటు అంటించి వెళ్తుంది. మధ్యలో సంచి ఆవిడే తడుముకుని మార్చుకుంటారు, అది రింగు బదులు అంటించే రకం కాబట్టి గట్టిగా నొక్కి బిగించే పని లేదు. అదే వన్ పీస్ అయితే ప్రతిసారీ కూతురి కోసం ఎదురు చూడాలి. చూపు తక్కువైతే వన్ పీస్, కుర్రాళ్లయితే టూ పీస్ అని కొందరు చెప్పే సూత్రం ఇక్కడ తలకిందులైంది. బ్యాగు ఎవరు వేసుకుంటారన్నది ఒక ప్రశ్న, ఎవరు మారుస్తారన్నది ఇంకో ప్రశ్న. రెండోదే ముందు అడగండి.

చర్మం పల్చబడిన వాళ్లకి, స్టెరాయిడ్లు వాడేవాళ్లకి కూడా టూ పీస్ నయం, ఎందుకంటే రోజూ ప్లేటు పీకితే చర్మం లేచొస్తుంది. ఎడమ వైపు కొలోస్టమీ ఉండి రోజుకి ఒకటి రెండుసార్లు గట్టి మోషన్ వచ్చేవాళ్లు కింద తెరిచే పని లేని మూసిన సంచులు పెట్టుకుని, నిండగానే సంచి ఒక్కటే మార్చుకుంటారు. ఆఫీసుకి వెళ్లేవాళ్లకి ఇది హాయి. గ్యాస్ ఎక్కువైనప్పుడు టూ పీస్ రింగుని ఒక మూల కొంచెం తెరిచి గాలి వదిలేయొచ్చు, ఇది కూడా లాభమే, బాత్రూంలోనే అనుకోండి. దీనికి ఎదురు ఉదాహరణ ఒక ఆటో డ్రైవరు. స్టోమా పక్కన హెర్నియా వచ్చి పొట్ట ఒక వైపు గుండ్రంగా ఉబ్బింది. టూ పీస్ ప్లేటు ఆ గుండ్రం మీద ఒక్క రోజు ఉండేది కాదు. మెత్తటి వన్ పీస్‌కి మారాక కుదురుకున్నాడు. మూత్రానికి పెట్టే యూరోస్టమీ సంగతి వేరు, దానికి కింద కుళాయి ఉన్న సంచి కావాలి, అది ఇక్కడ వదిలేస్తున్నాను.

ఆపరేషన్ అయిన మొదటి వారాల్లో టూ పీస్ పెడితే రింగు బిగించడానికి పొట్ట మీద నొక్కాల్సి వస్తుంది, కుట్టు నొప్పి మీద అది నరకం. ఇప్పుడు మీకు ఆ ఇబ్బంది లేదు. రేపెప్పుడైనా టూ పీస్ చూడాలనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి: ప్లేటు, సంచి ఒకే కంపెనీవి, ఒకే రింగు సైజువి కావాలి. కోలోప్లాస్ట్ ప్లేటుకి హోలిస్టర్ సంచి పట్టదు, కాన్వాటెక్‌కి ఇంకొకటి పట్టదు. ఒకే కంపెనీలో కూడా రింగు సైజు తేడా అయితే పట్టదు. ఊళ్లో షాపులో ప్లేట్లు ఉండి సంచులు అయిపోతే ఆ ప్లేట్లు అల్మరాలో పెట్టుకోవడానికే. మీ ఊరికి దగ్గర పట్టణంలో ఏది ఎప్పుడూ దొరుకుతుందో కనుక్కోవడం, ఏది గొప్పదో కనుక్కోవడం కంటే ముఖ్యం.

ఖర్చు లెక్క ఇలా వేసుకోండి. ధర ఊరిని బట్టి, కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి రూపాయల్లో చెప్పను. వన్ పీస్ రెండు మూడు రోజులకి ఒకటి చొప్పున నెలకి 10 నుంచి 15 పడతాయి. టూ పీస్‌లో ప్లేటు నాలుగైదు రోజులు ఆగితే నెలకి ఆరు నుంచి ఎనిమిది ప్లేట్లు, దానికి తగ్గ సంచులు. ప్లేటు, సంచి కలిపి ఒక జత ధర చూస్తే వన్ పీస్ కంటే ఎక్కువే ఉంటుంది. అందువల్ల ప్లేటు నాలుగు రోజులు ఆగితేనే టూ పీస్ గిట్టుబాటు. మీకులాగా ఒక్క రోజుకే లీకయ్యే పొట్ట మీద పెడితే రోజుకో జత తగలేసినట్టే. షాపతను ఈ లెక్క చెప్పడు. కంపెనీలు సంచి ఒక్కసారికే అంటాయి, మన ఇళ్లలో టూ పీస్ సంచిని చల్లటి నీళ్లతో కడిగి ఆరబెట్టి మళ్లీ పెడతారు. అది నాకు తెలియని సంగతేం కాదు. అలా చేసేవాళ్లు రింగు అంచు పగిలిందేమో, కింద మూత సరిగ్గా పడుతోందా అని ప్రతిసారీ చూసుకోండి. వాసన పట్టేసిందంటే ఇక దాన్ని వదిలేయండి.

ఎండల సంగతి కూడా చెప్పాలి. చెమటకి ప్లేటు తొందరగా వదులుతుంది, పెట్టె మీద రాసినన్ని రోజులు మన మే నెలలో ఆగదు. రెండో రోజుకే మార్చాల్సి వస్తే టెన్షన్ పడకండి. స్పేర్ బ్యాగులు కారులోనో, వంటింటి గూట్లోనో పెడితే జిగురు పాడవుతుంది. లీకు కనపడకపోయినా ప్లేటు కింద దురద, మంట అంటే వెంటనే తీసేయాలి. ఇంకా రెండు రోజులు ఆగుతుందిలే అని పైన ప్లాస్టర్ అంటించడం మాత్రం వద్దు, లోపల చర్మం ఉడికిపోతుంది. సంచి మూడో వంతు నుంచి సగం నిండగానే ఖాళీ చేయండి. రాత్రి లీకులు చాలావరకు నిండిన సంచి బరువుకి ప్లేటు పై అంచు లేచి వచ్చేవే. పడుకునే ముందు ఒకసారి, నడి రాత్రి ఒకసారి లేచి ఖాళీ చేస్తే సగం సమస్య తీరుతుంది.

బ్యాగుతో సంబంధం లేకుండా డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సినవి కొన్ని ఉన్నాయి. స్టోమా నల్లబడటం. మోషన్ గంటల తరబడి ఆగిపోయి కడుపునొప్పి, వాంతులు. రోజుకి లీటరున్నర దాటి నీళ్లలా పోవడం, నోరెండి మూత్రం తగ్గడం. కీమోలో ఉన్న మనిషికి ఈ చివరిది మరీ ప్రమాదం, ఓఆర్ఎస్ ఇంట్లో ఉంచండి కానీ దాని మీదే నెట్టుకురాకండి. చర్మం కూడా వారం రోజుల్లో నెమ్మదించకపోతే, లేదా చిన్న చిన్న పొక్కులు లేస్తే చూపించండి, ఫంగస్ అయితే పౌడర్‌తో పోదు.

షాపుకి వెళ్లినప్పుడు "కొలోస్టమీ బ్యాగు ఇవ్వండి" అనకండి, చేతికందింది ఇచ్చేస్తాడు. ఇప్పుడు వాడుతున్న పెట్టె మీది కోడ్ నంబరు ఫొటో తీసి చూపించండి. వన్ పీస్, కింద తెరుచుకునేది, కన్నం కోసుకునే రకం అని మూడు మాటలూ చెప్పండి, ఎక్స్‌పైరీ చూడండి. కంపెనీల కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే శాంపిల్స్ పంపడం కూడా ఉంది, అడగడానికి మొహమాటం వద్దు. కీమో అయ్యాక సర్జన్ స్టోమా మూసేసే తేదీ చెప్తారు, కాబట్టి తగ్గింపు ఇస్తున్నాడని అయిదారు పెట్టెలు ఒకేసారి కొనొద్దు. నెల సరుకు చాలు.